బాంబులు పడ్డ ఏడాది

"ఇది నిజంగా మన ఊరి మీదే వేశారా?" అంటూ మా అబ్బాయి ఆ బాంబు ముందు నుంచి కదలడే!

ఈ రోజు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి వెళ్లాం. పాత డచ్ బంగళాలో పెట్టిన మ్యూజియం అది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలిన ఒకటి అక్కడ ఉంది.

మా అమ్మమ్మ ఎవరి వయసు లెక్కపెట్టాలన్నా "బాంబులు పడ్డ ఏడాది" నుంచే మొదలుపెట్టేది. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయారని చెప్పేది. బడిలో అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడి గురించి చదివాను గానీ ఈ సంగతి ఏ పాఠంలోనూ చదివిన గుర్తు లేదు.

ఆనాటి మనుషుల మాటలు కూడా ఆ బాంబు పక్కన వినిపిస్తే ఎంత బాగుంటుందో! మీ ఇళ్లలో తొంభై దాటిన పెద్దవాళ్లుంటే అడగండి, ఫోనులో రికార్డు చేయండి.