బ్రిడ్జ్ పికప్: ఎంపిక సులువే, బిగింపే గండం

నా ఎలక్ట్రిక్ గిటార్‌కు వేయించిన కొత్త బ్రిడ్జ్ పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే కాయిల్, తీగలు ఆనే బ్రిడ్జ్ పక్కన ఉండేది) నిన్న రాత్రికి గాని సరిగ్గా పలకలేదు. దానిని ఎంచుకోవడానికి చేసిన ఆలోచన కంటే, విశాఖపట్నంలో దానిని బిగించిన మనిషితో పడిన అవస్థే ఎక్కువ కనుక, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

నాది ఫెండర్ కంపెనీ స్ట్రాట్ తరహా గిటార్. మెడ దగ్గర, నడుమ సింగిల్ కాయిల్ పికప్‌లు, బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రెండు కాయిళ్ళ పికప్) ఉంటాయి. ఉద్యోగం ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో అయినా, పెళ్ళి రిసెప్షన్లలోనూ వినాయక చవితి పందిళ్ళలోనూ ఆర్కెస్ట్రాతో వాయిస్తుంటాను. ఒకే రాత్రి పాత మెలొడీకి శుభ్రమైన కార్డులు (కలిపి మీటే స్వరాలు), ఆ వెంటనే కుర్రకారు కేకలు పెట్టి అడిగే పాటకు నిండైన డిస్టార్షన్ కావాలి. గిటార్‌తో పాటు వచ్చిన హంబకర్ మొదటి పని చేసి, రెండో దానికి చేతులెత్తేసేది.

పికప్ రెసిస్టెన్స్, అంటే కిలో ఓమ్‌లు, ఎంత ఎక్కువైతే అవుట్‌పుట్ అంత ఎక్కువని అమ్మేవాళ్ళు చెబుతారు. ఏళ్ళ తరబడి మోటార్ వైండింగులు చూసినవాడిని కాబట్టి నేను ఆ మాటకు లొంగలేదు. కాయిల్‌లో చుట్టిన తీగ సన్నబడినా రెసిస్టెన్స్ పెరుగుతుంది. అవుట్‌పుట్‌ను చుట్ల సంఖ్య, అయస్కాంతం కూడా నిర్ణయిస్తాయి. డిమార్జియో సూపర్ డిస్టార్షన్ 13, 14 కిలో ఓమ్‌ల మధ్యే ఉన్నా, సిరామిక్ అయస్కాంతంతో ఆంప్‌ను (ఆంప్లిఫయర్‌ను) గట్టిగా తోస్తుంది. ఈఎంజీ 81 యాక్టివ్ పికప్. దానికి 9 వోల్టుల బ్యాటరీ, 25 కిలో ఓమ్‌ల పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండేవి) కావాలి, పక్కనున్న బ్యాటరీ లేని పాసివ్ సింగిల్ కాయిల్స్‌తో పొత్తు కుదరదు. డిమార్జియోవారిదే టోన్ జోన్‌లో బేస్ నిండుగా ఉంటుంది గాని, మా బేస్ గిటార్ వాయించే తమ్ముడితో తగువు తప్పదనిపించింది. చివరకు సేమోర్ డంకన్ జేబీ తీసుకున్నాను. అందులో ఆల్నికో 5 అయస్కాంతం, 16 కిలో ఓమ్‌లకు పైగా వైండింగ్ ఉంటాయి. వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే శుభ్రపడుతుంది, పూర్తిగా తెరిస్తే పై మధ్యస్థాయి ముందుకు వచ్చి లీడ్ వాయింపు పందిరి చివరి వరుస దాకా వినిపిస్తుంది. అందులోనూ ఫెండర్ తరహా బ్రిడ్జ్ కోసం పోల్ పీసుల (ఒక్కో తీగ కింద ఉండే ఇనుప మొనల) వరుసను మామూలు కంటే సుమారు 3 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పుగా అమర్చిన రకమే అడగాలి. పార్సెల్ ఏ చికాకూ లేకుండా ఇంటికి చేరింది.

ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ ఉన్నా, పనివాడి పని పనివాడే చేయాలన్న గౌరవంతో ఊళ్ళో పేరున్న ఒక రిపేరు మనిషికి గిటార్ అప్పగించాను. సాయంత్రం వెళ్ళి ఆంప్‌కు తగిలిస్తే ధ్వని పీలగా ఉంది, పైగా ట్యూబ్‌లైటు చోక్ వంటి రొద. సేత్ లవర్ 1955లో గిబ్సన్ సంస్థలో హంబకర్ రూపొందించినదే ఆ రొదను చంపడానికి. ఎదురెదురుగా పనిచేసే రెండు కాయిళ్ళలో బయటి రొద ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. రొద వినిపిస్తోందంటే ఒక కాయిల్ పనిచేయడం లేదనే అనుమానించాలి.

ఆ మాటే చెప్పాను. అక్కడ కూర్చున్న కాలేజీ పిల్లల ముందు అతను నవ్వి, "పికప్ నకిలీ అయి ఉంటుంది సార్, లేకపోతే మీ చేతి బలం చాలడం లేదు" అన్నాడు. గిటార్ నా చేతిలోంచి తీసుకుని గబగబా ఒక ముక్క వాయించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రొద సంగతేమిటంటే, సముద్రపు గాలికి వైజాగ్‌లో ఎర్తింగులన్నీ తుప్పు పట్టాయని సెలవిచ్చాడు. ఎర్తింగ్ పరీక్షించి జీతం తీసుకునే మనిషితో అన్న మాట అది!

నేను బల్లమీదున్న మల్టీమీటర్ తీసుకుని, జాక్‌లో కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, రెండో కొస దగ్గర కొలిచాను. 16 రావలసిన చోట 8 వచ్చింది. "మీటర్‌కు సంగీతం తెలియదు సార్, చెవి ఉండాలి" అన్నాడు. స్క్రూడ్రైవర్‌తో పోల్ పీసులను తట్టి చూపించాను. ఒక వరుస ఆంప్‌లో టకటకమంది, రెండో వరుస దాదాపు మూగదై ఉంది. పిల్లలు ఈసారి చప్పట్లు కొట్టలేదు గాని, ఒకడు మాత్రం దగ్గరికొచ్చి వంగి చూశాడు.

పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించిన పలక) విప్పిస్తే గుట్టు తెలిసింది. అతని గోడమీద డిమార్జియో పికప్ తీగల రంగుల పటం అంటించి ఉంది: ఎరుపు హాట్ (సంకేతం బయటికి పోయే తీగ), ఆకుపచ్చ గ్రౌండ్, నలుపు తెలుపు కలిపి కట్టాలి. నా డంకన్‌కూ అలాగే కట్టాడు. డంకన్‌లో నలుపు హాట్. ఎరుపు, తెలుపు కలవాలి. ఆకుపచ్చ, తొడుగులేని తీగ గ్రౌండ్‌కు పోవాలి. డంకన్‌లో నలుపు తెలుపులు ఒకే కాయిల్ రెండు కొసలు కనుక, వాటిని కలిపితే ఆ కాయిల్ తనలో తానే షార్ట్ అయి, మిగిలినది ఒంటరిగా పలుకుతుంది. పెట్టెలో వచ్చిన కాగితం మడత విప్పకుండా అతని చెత్తబుట్టలో ఉంది. కాగితం చదవడం నామోషీ అనుకునేవాడి చేతికి వస్తువులు ఇవ్వకూడదు. మా ఫ్యాక్టరీలో అయితే ఇలాంటి పనికి మెమో ఇస్తారు. ఇంత జరిగినా, కంపెనీవాళ్ళు రంగులు మార్చేశారని అన్నాడే తప్ప, పొరపాటన్న మాట అతని నోట రాలేదు.

గిటార్ ఇంటికి తెచ్చి నేనే టంకం పెట్టాను. మీటర్ 16 దాటింది, రొద పోయింది. పాత 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ తీసి 500ది పుష్‌పుల్ రకం వేసి, ఎరుపు తెలుపుల కలయికను దాని ద్వారా గ్రౌండ్‌కు కలిపాను; నాబ్ పైకి లాగితే ఒక్క కాయిలే మిగిలి, మెలొడీకి పనికొచ్చే పలుచటి ధ్వని వస్తుంది. ధ్వని మరీ తీక్షణంగా ఉందనిపించేవారు 250నే ఉంచుకోవచ్చు. పికప్‌ను తీగలకు మరీ దగ్గరగా లేపకండి. నేను కొంత దించాకే కార్డుల్లో ఒక్కో తీగ విడిగా వినిపించింది.

ఇచ్చిన కూలీ తిరిగి అడగలేదు. విప్పిన పాత హంబకర్‌ను, దాని స్ప్రింగులు, స్క్రూలతో సహా, అడిగి మరీ తెచ్చుకున్నాను. మీరూ తెచ్చుకోండి, అడగకపోతే వాళ్ళు ఇవ్వరు.