కుడి పేజీ

సావనీర్‌కి ఏదైనా రాయమని కమిటీ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. "మన బ్యాచ్‌లో ఫ్యాక్టరీలు పట్టుకు తిరిగేది నువ్వొక్కదానివే, నీ రీసెర్చ్ గురించి రాయి" అన్నారు. తీరా కూర్చుంటే కెమిస్ట్రీ ల్యాబే కళ్ల ముందుకొస్తోంది. సేమ్యా పాయసం గొడవ, బెల్లు తాత సైకిలు ఎలాగూ ఇంకెవరైనా రాస్తారు. నేను మాస్టారి నోటుబుక్ గురించి రాస్తాను.

1984 డిసెంబరు, మనం ప్లస్ వన్. భోపాల్ గ్యాస్ లీకు వార్త వచ్చిన వారం మాస్టారు పాఠం చెప్పలేదు. బోర్డు మీద ఆ గ్యాస్ పేరు, మిథైల్ ఐసోసయనేట్ అని రాసి, పేపర్ చదివి వినిపించి, చాలాసేపు కిటికీ దగ్గర నిలబడిపోయారు. మర్నాడు ల్యాబ్ తలుపు పక్కన మేకుకి దారం కట్టి ఒక లాంగ్ నోటుబుక్ వేలాడదీశారు. అట్ట మీద "తప్పిన గండాలు". దెబ్బ తగలబోయి తప్పితే ఎడమ పేజీలో రాయాలి, పేరు అక్కర్లేదు. కుడి పేజీ ఆయనది.

రెండు నెలలు ఎవరూ రాయలేదు. మొదట రాసింది నేనే, ఇన్నేళ్లకి చెబుతున్నాను. "పిపెట్ పీలుస్తుంటే ఆక్సాలిక్ యాసిడ్ నోట్లోకి వచ్చింది. పుల్లగా తగిలింది. ఉమ్మేశాను." మర్నాటికి దాని కింద "నాకూ", "నాకు రెండుసార్లు" అంటూ తొమ్మిది దస్తూరీలు. ఒకటి ఆకుపచ్చ ఇంకు. అదెవరిదో మనందరికీ తెలుసు. మాస్టారు ఎవర్నీ పిలిచి అడగలేదు. ఆ శనివారం మద్రాసు ప్యారీస్ కార్నర్‌కి వెళ్లి, పిపెట్ గొట్టంలోకి ద్రవాన్ని లాగే రబ్బరు బుడ్డీలు సొంత డబ్బుతో కొనుక్కొచ్చారు. కుడి పేజీలో ఎర్ర ఇంకుతో రాశారు: "ఇక ఎవరూ నోటితో పీల్చక్కర్లేదు." జాగ్రత్తగా పీల్చండి అని రాయలేదు చూడండి. నేను చేస్తున్న పనంతా ఆ మాట దగ్గరే మొదలైంది.

తర్వాతి చదువులు, పెళ్లి, పూణే ఉద్యోగం అన్నీ కలిసినప్పుడు చెప్పుకుందాం.

పీహెచ్‌డీలో భోపాల్ రిపోర్టులు చదువుతుంటే గుండె బరువెక్కేది. అదే ప్లాంట్‌లో 1981లో ఫాస్జీన్ అనే విషవాయువు వల్ల ఒక కార్మికుడు చనిపోయాడు. 1982లో రాజ్‌కుమార్ కేస్వానీ అనే విలేకరి ఊరికి ముప్పుందని పత్రికలో రాశాడు. గ్యాస్ లీకైన రాత్రి ట్యాంకును చల్లబరిచే యూనిట్ ఆపేసి ఉంది, తప్పించుకున్న గ్యాస్‌ని కాల్చేసే ఫ్లేర్ టవర్ పనిచేయడం లేదు. ఎడమ పేజీ నిండిపోయింది, కుడి పేజీలో ఎవరూ ఏమీ రాయలేదు. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పనులుండే చోట కార్మికులు కూడా ఉండే సేఫ్టీ కమిటీలు పెట్టమన్నారు. అప్పటికి ఆలస్యమైపోయింది.

పదేళ్లుగా చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, లోహపు రేకుని డై అనే అచ్చుతో నొక్కే పవర్ ప్రెస్‌ల దగ్గర పని చేస్తున్నాను. చెయ్యి డై కింద ఉండగా ప్రెస్ దిగకుండా రెండు బటన్లు పెడతారు, రెండు చేతులతో ఒకేసారి నొక్కాలి. ఒక వర్క్‌షాపులో ఒక బటన్ మీద టేపు అంటించి ఉంది. ఆ ప్రెస్ నడిపేది నెల్లూరు కుర్రాడు. "ఇది రాస్తే మెమో నాకే కదా మేడం" అన్నాడు. రెండు రోజులు పక్కనే కూర్చుని చూశాను. ముక్క డైలో ఇరుక్కుంటోంది, ఒక చేత్తో లాగుతూ ఇంకో చేత్తో నొక్కితే తప్ప టార్గెట్ రాదు. యజమానికి చూపించాం. డై పక్కన గాలి గొట్టం బిగించారు, ఇప్పుడు ముక్క దానంతటదే ట్రేలో పడుతోంది. టేపు ఆ కుర్రాడే పీకేశాడు. ఇప్పుడు ఆ ఎస్టేట్‌లో పద్నాలుగు షాపుల్లో దారం కట్టిన నోటుబుక్కులు వేలాడుతున్నాయి. నా జీవితంలో ఇంతకంటే సంతోషం కలిగించిన పని లేదు.

పోయిన నెల అందులో ఒకటి తీసుకుని పెరంబూరులో మాస్టారింటికి వెళ్లాను. అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివారు. ఒకచోట ఆగారు. ఎడమ పక్క: "డబుల్ డ్యూటీలో కళ్లు మూతలు పడ్డాయి. చెయ్యి డై దాకా వెళ్లింది." కుడి పక్క సూపర్‌వైజర్ రాసింది: "జాగ్రత్తగా ఉండాలి."

"ఇది ఖాళీ పేజీయే కదమ్మా" అన్నారు.

ఆ షాపు వాళ్లని డబుల్ డ్యూటీల రిజిస్టర్ తీసి పెట్టమన్నాను. గురువారం మళ్లీ వెళ్తున్నాను.