చీకటిని మరీ అంత తిట్టక్కర్లేదు

వెలుగంటే మంచి, చీకటంటే చెడు అని మనం ఎప్పుడో తీర్మానించేసుకున్నాం. ఇల్లాలు ఇంటికి దీపం, ఉద్యోగం పోతే బతుకు చీకటి. వైజాగ్‌లో సముద్రం పక్కన ఉంటున్న నాకైతే ఈ లెక్క పూర్తిగా కుదరదు.

మన బీచ్‌కొచ్చే తాబేళ్ల సంగతే చూడండి. ఆలివ్ రిడ్లేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి, ఒక్కో గుంటలో సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొచ్చేదీ ఎక్కువగా రాత్రే. ఎటు వెలుతురుంటే అటు పాకడం వాటికి పుట్టుకతో వచ్చిన బుద్ధి, ఎందుకంటే లైట్లు లేని తీరంలో నేలవైపు కంటే సముద్రం వైపే కాస్త తెల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు బీచ్ రోడ్డంతా లైట్లే కదా, దాంతో అవి వెనక్కి తిరిగి రోడ్డువైపు వస్తాయి. అరచేతిలో ఇమిడిపోయే ప్రాణి, వెలుగుని నమ్ముకుని కుక్కల పాలవుతుంది. అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి హేచరీల్లో పెట్టి, పిల్లల్ని నీళ్ల దగ్గర వదులుతున్నారు కాబట్టి కొన్నైనా బతుకుతున్నాయి.

డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ కూడా అంతే. అది ఆగకుండా వెలుగుతూ ఉంటే ఓడవాళ్లకి ఊళ్లో ఇంకో దీపంలాగే ఉంటుంది. వెలుగుకీ వెలుగుకీ మధ్య ఎంతసేపు ఆరిందో లెక్కపెట్టుకునే ఇది ఫలానా లైట్‌హౌస్ అని వాళ్లు గుర్తుపడతారు.

అలాగని చీకటి ఎంత హాయో అంటూ కవిత్వం చెప్పేవాళ్లన్నా నాకు ఒళ్లుమంటే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక రోజుల తరబడి కరెంటు లేదు. మా మేడ మీద అందరూ చేరి, ఊళ్లో ఇన్ని చుక్కలు ఎప్పుడైనా చూశామా అని ఒకటే మురిసిపోవడం, నేనూ మురిశాను. కింద అమ్మమ్మ ఇన్సులిన్ సీసాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆ కవర్ని చిన్న గిన్నెలో పెట్టి, ఆ గిన్నెని నీళ్లు పోసిన మట్టికుండలోకి దించి, గంటకోసారి కుండ పట్టుకుని చల్లగా ఉందో లేదో చూసుకుంటోంది. మేం దిగి వచ్చి చుక్కల గురించి చెప్పబోతే, "చుక్కలకేటి, ఎక్కడికీ పోవు గానీ, ముందు ఐసు ఎక్కడ దొరుకుతాదో కనుక్కోండర్రా" అంది.