పనేమీ లేని ఆదివారం, 900కె బస్సు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

రేపు "ఏ" షిఫ్ట్, అంటే పొద్దుటి డ్యూటీ. కంపెనీ బస్సు అయిదుంపావుకే కూర్మన్నపాలెం జంక్షన్‌కి వచ్చేస్తుంది, పదింటికల్లా పడుకోవాలి. అయినా ఈ రోజు సంగతి రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

పొద్దున్న హాస్టల్లో పూరీ తింటుంటే అమ్మ ఫోన్ చేసింది. భీమిలి వెళ్తున్నానంటే, "ఏటి పని?" అంది. పనేం లేదమ్మా, ఊరికే వెళ్తున్నాను అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "ఒక్కదానివే ఎల్తావేటే?" అని అడిగి, జాగ్రత్తలు చెప్పి పెట్టేసింది. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో ఆడపిల్ల బస్సెక్కిందంటే పెళ్లికో, పరీక్షకో, ఆసుపత్రికో అయ్యుండాలి. ఊరికే ఎక్కడం అన్న మాట అమ్మ జీవితంలో లేదు. ఉండుంటే ఎంత బాగుండేదో అని నాకిప్పుడు అనిపిస్తూ ఉంటుంది.

కూర్మన్నపాలెంలో సిటీ బస్సెక్కి ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ సున్నా టికెట్ కొట్టి ఇచ్చింది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైనప్పటి నుంచీ పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలో ఆడవాళ్లకి ఛార్జీ లేదు. అంతకుముందు నా ఆదివారాలు వేరేగా ఉండేవి. భీమిలి పోయి రావాలంటే బస్సులకే వంద దాటేది, పైన తిండి. ఆ లెక్క వేసుకుని బట్టలుతుక్కుని, ఫోన్ చూసుకుంటూ గదిలోనే పడి ఉండేదాన్ని. నలుగురం కలిస్తే ఆర్కే బీచ్, అదీ జీతం పడిన వారం.

గాజువాక దాటాక సీట్లు నిండిపోయాయి. నిలబడ్డ ఒక పెద్దాయన పక్కాయనతో, "ఫ్రీ అనేసరికి పనీ పాటా లేకుండా ఊళ్లన్నీ తిరిగేస్తున్నారు" అన్నాడు. మెల్లగా అనలేదు, మాకు వినబడాలనే అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు కానీ ఎన్‌ఏడీ జంక్షన్ వచ్చేదాకా ఆ మాటే తిరిగింది బుర్రలో. అవును, తిరుగుతున్నాం. ఆరు రోజులు ల్యాబ్‌లో నిలబడి పని చేసినవాళ్లం ఏడో రోజు సముద్రం చూడ్డానికి కారణం చెప్పాలా? మా లైన్‌లో పనిచేసే అబ్బాయిలు ఆదివారం వస్తే బండి తీసి లంబసింగి అంటారు, అరకు అంటారు. పెట్రోలు పోయించుకుని పోతారు. పనేంటని వాళ్లనెవరూ అడగరు. ఆ పెద్దాయనకి కూతురుంటే ఆ అమ్మాయి కూడా ఈపాటికి ఏదో బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

అయితే టికెట్ ఉచితమైనంత మాత్రాన డబ్బు మిగలదు. మొదటి నెలల్లోనే నాకది అర్థమైంది. బస్సుకి పెట్టనిది ఐస్‌క్రీముకో, చెవిరింగులకో పోతుంది, నెలాఖరుకి ఖాతా ఎప్పట్లాగే ఉంటుంది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. తిరిగొచ్చిన రోజు రాత్రే, టికెట్ కొన్నట్టే లెక్కేసి, ఆ డబ్బు పోస్టాఫీసు ఖాతాలోకి పంపేస్తాను. అందులోంచే ఇంకో ఆర్డీ (నెలనెలా ఇంత అని కట్టే రికరింగ్ డిపాజిట్) కడుతున్నాను. మొదటిది జీతంలోంచి నెలకి 1000. అయిదేళ్లు కడితే మనం వేసింది 60,000. ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీతో చేతికొచ్చేది 71,000 పైచిలుకు. షేర్లు తెలిసినవాళ్లకి ఇది చిన్న మొత్తంలాగే కనిపిస్తుంది. కానీ మా పిన్ని చీటీ కట్టినావిడ రాత్రికి రాత్రి ఊరొదిలి పోయినప్పుడు మా ఇంట్లో జరిగింది నేను చూశాను. నాకు పెరగడం కన్నా ఉండడం ముఖ్యం. నెలకి 100 రూపాయలతో కూడా ఆర్డీ మొదలుపెట్టవచ్చని కొత్తగా చేరిన ట్రైనీ అమ్మాయిలందరికీ చెబుతుంటాను. పీఎఫ్ కోత చూసి ఏడవొద్దని కూడా చెబుతాను. మన మూలవేతనంలోంచి 12 శాతం పోతే కంపెనీ కూడా అంతే వేస్తుంది, అందులో కొంత పెన్షన్‌కి వెళ్తుంది. ఉద్యోగం మారిన ప్రతిసారీ దాన్ని తీసి ఫోన్ కొనేవాళ్లున్నారు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను లెక్కలోకి వస్తుందని వాళ్లకెవరూ చెప్పరు.

ఖర్చుల పుస్తకం రాయడం మాత్రం ల్యాబ్ నేర్పింది. మా క్వాలిటీ కంట్రోల్‌లో రికార్డులో అంకె తప్పు పడితే వైట్‌నర్ పెట్టడానికి వీల్లేదు. ఒకే ఒక్క గీత కొట్టాలి, కింద పాత అంకె కనిపిస్తూనే ఉండాలి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. నా పుస్తకం కూడా అలాగే రాస్తాను. "చెప్పులు 600" అని అనుకుని, గీత కొట్టి "850" అని రాసిన చోటు చూస్తే ఆ రోజు షాపులో నేనేం ఆలోచించానో కూడా గుర్తొస్తుంది.

రైల్వే స్టేషన్ దగ్గర 900కె దొరికింది. భీమిలి వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు ఉంటుంది కాబట్టి కుడి కిటికీ కోసం ఒక బస్సు వదిలేశాను. ఆదివారం ఆ మాత్రం టైము ఖర్చు పెట్టుకోవచ్చు.

బీచ్ రోడ్డు ఎక్కాక పుస్తకం తీశాను. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుని కూర్చునే ఒకాయన దగ్గర కొన్న కథల సంపుటి. అట్ట లేదు, మొదటి పేజీలో ఎవరో ఎవరికో బహుమతిగా ఇచ్చినట్టు సిరాతో రాసి ఉంది, సిరా గోధుమరంగుకి తిరిగింది. చదివినవాళ్లు అక్కడక్కడా వాక్యాల కింద పెన్సిల్‌తో గీసుకున్నారు. వాళ్లు గీసిన చోట నేనూ ఆగుతాను. కొన్నిచోట్ల ఎందుకు గీశారో వెంటనే తెలుస్తుంది. కొన్నిచోట్ల ఎంత చూసినా తెలియదు. "సాయంత్రం దాకా ఉంటానన్నాడు" అన్న మామూలు వాక్యం కింద రెండు గీతలున్నాయి.

పక్క సీట్లో ఒకామె కూర్చుంది, ఒళ్లో కడిగేసిన ఖాళీ సత్తు గిన్నె, చేపలమ్ముకుని ఇంటికి పోతోంది. కాసేపు నా పుస్తకంలోకి చూసి, "ఏటి సదువుతున్నావు తల్లీ, పరీచ్చలా?" అంది.

"కాదు పిన్నీ, కథలు."

"కతలా! అయితే పైకి సదువు, నానూ ఇంటాను."

బస్సులో పైకి చదవడం ఎలా అని ఒక్క క్షణం మొహమాటపడి, మొదలుపెట్టాను. అప్పు గురించిన కథ. అప్పిచ్చినవాడు సాయంత్రంపూట గుమ్మంలోకొచ్చి నిలబడి, పిల్లల చదువులూ అవీ అడిగి, చివరికి నెమ్మదిగా వడ్డీ సంగతి ఎత్తుతాడు. నాకు చాలా బాగా రాశారనిపించిన చోటది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అప్పిచ్చినోడు గుమ్మంలోకొచ్చి అడగడు తల్లీ. బోరింగు కాడ అడుగుతాడు, పదిమందున్నప్పుడు. పరువు పోద్దని మనమే పరిగెత్తుకెళ్లి తెచ్చిచ్చేత్తాం."

పుస్తకాల గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటిది ఇంకోటి లేదు. ఆ తర్వాత ఆమె తన సంగతే చెప్పింది. తెల్లారకుండా ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట దగ్గర చేపలు కొనాలి, చేతిలో డబ్బుండదు, పొద్దున్న తీసుకుని సాయంత్రానికి పైన వేసి తిరిగిచ్చే అప్పు తెస్తుంది. ఆటోలకి పోయేది ఇప్పుడు పోవడం లేదు కదా, అదేమైనా మిగులుతోందా అని అడిగాను.

"మిగలడమేటి? ఏ రోజుది ఆ రోజే. కాపోతే అప్పు తక్కువ తీత్తన్నాను."

నా ఆర్డీ లెక్కలన్నీ చెబుదామనుకున్నదాన్ని ఆగిపోయాను. ఆమె తగ్గించుకున్న అప్పు మీద వడ్డీ ముందు నాకొచ్చే 6.7 శాతం ఏపాటిది? అసలు పొదుపు చేస్తున్నది ఆమే. ఈ పథకం గురించి ఎవరేం మాట్లాడినా నాకిక ముందుగా గుర్తొచ్చేది ఆ గిన్నె, ఆ మాట.

మంగమారిపేట వస్తుంటే లేచి నిలబడి, "ఆ అప్పిచ్చినోడికి ఆఖరికి ఏటవుద్ది?" అంది. కండక్టర్ దిగండి దిగండి అంటున్నాడు. చివరి పేజీ తిప్పి రెండు ముక్కల్లో చెప్పేశాను. "ఊఁ, అలాగ్గూడా అవుద్ది" అని ఒప్పుకుని దిగిపోయింది.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు ఇదివరకే చూశాను, ఈసారి లోపలికి వెళ్లలేదు. ఎర్రమట్టి దిబ్బలు బస్సులోంచే చూశాను. లక్షల బండ్ల ఇసుక గాలికీ నీటికీ ఎర్రబడి గట్టిపడి లోయల్లా కోసుకుపోయిన ఆ చోట దిగి నడవాలంటే ఇంకాస్త పొద్దున్నే రావాలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు నీడ చూసుకుని కూర్చుని మిగతా కథలు చదివాను. మధ్యలో మురీ మిక్చర్ తిన్నాను. ఉల్లిపాయ, టమాటా, నిమ్మకాయ పిండి, కారం దండిగా. చేతులు కడుక్కోకుండా పేజీ తిప్పకూడదని నీళ్ల బాటిల్ కోసం లేచాను. చదివింది ఎంతో కాదు. అప్పు కథ మళ్లీ మొదటి నుంచీ చదివాను, ఈసారి ఆ గుమ్మం దగ్గర అప్పులవాడు వేరేగా కనిపించాడు. రాసినాయన పొరబడ్డాడని కాదు. పరువు కలవాళ్ల వీధిలో అప్పులవాడు గుమ్మంలోకే వస్తాడేమో, బోరింగు ఉన్న వీధిలో బోరింగు దగ్గరికి వస్తాడేమో. ఈ రెండో కథ కూడా ఎవరో రాసే ఉంటారు. వెతకాలి.

వెతకడానికి చోటు కూడా ఉంది. విశాఖలో ఏళ్లపాటు పంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అని కథల లైబ్రరీ పెట్టారు. తెలుగులో వచ్చిన కథ ప్రతిదీ ఒక్క చోట దొరకాలని పెద్దవయసులో పూనుకుని, ఊరూరా పాత పత్రికలు సేకరించారు. అవార్డు మీద వచ్చిన డబ్బు కూడా అందులోనే పెట్టారు. అక్కడి కథలు చాలావరకు ఇప్పుడు నెట్‌లోనే దొరుకుతాయి, కంపెనీ బస్సులో ఫోన్‌లో నేను చదివేవి అవే. కానీ ఆ బీరువాల మధ్య ఒకసారి నిలబడాలని ఉంది. ఇంత దగ్గర్లో ఉండి ఇన్నాళ్లు వెళ్లకపోవడమేంటి!

తిరిగొచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసిపోయింది, నిలబడే వచ్చాను. హాస్టల్‌కి వచ్చి స్నానం చేశాక అమ్మకి ఫోన్ చేశాను. క్షేమంగా వచ్చానని విని ఊపిరి పీల్చుకుని, మళ్లీ బంగారం ఎత్తింది. తులం లక్ష ఎప్పుడో దాటేసిందట, ఇప్పుడైనా నగల షాపులో నెలనెలా కట్టే స్కీములో చేరమంది. నా డబ్బు దేనికో అమ్మకి ఇన్నాళ్లు సరిగ్గా చెప్పలేదు, ఇవాళ చెప్పాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చెయ్యాలి, ఎనలిటికల్ కెమిస్ట్రీ. ఉద్యోగం మానేసి రెండేళ్లు చదవాలంటే ఫీజులకీ, మెస్సుకీ, ఇంటికి పంపడానికీ ముందే చేతిలో ఉండాలి. పీజీసెట్ రాస్తాను, సీటు వస్తే వెళ్తాను. 1926లో పెట్టిన యూనివర్సిటీ, వందేళ్లుగా మన ప్రాంతం పిల్లలు చదువుకుంటున్నారు, ఆ మెట్లు మనమూ ఎక్కుదాం అన్నాను. అమ్మ వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. "రెండేళ్లంటే నీకెన్నేళ్లొస్తాయి?" అని లెక్క వేసింది. "నాన్నతో చెప్పనా, నువ్వు చెబుతావా?" అంది. నేనే చెబుతానన్నాను.

ఈ రోజు లెక్క: టిఫిన్ హాస్టల్లోనే, మిక్చర్, నీళ్లు, రెండు టీలు. బస్సు సున్నా. పోస్టాఫీసు ఖాతాలోకి 150 పంపేశాను.

రూమ్మేట్ ఇప్పుడే లేచి, ఏం రాస్తున్నావక్కా అని అడిగింది. వచ్చే నెల రెండో శనివారం తనకి కూడా ఆఫ్ ఉందట. శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్ బస్సు, అదీ ఉచితమే, వస్తావా అంటే సరేనంది. కథానిలయం ఆ రోజు ఎన్నింటికి తెరుస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కునే పని తనకి అప్పగించాను. ఒరిజినల్ ఆధార్ బ్యాగులోనే పెట్టుకోమన్నాను.