మంచులో వంతెన: ఒకే భావం మీద ఏడాది పొడవునా ఫొటోలు

కార్తీకం

ఈ ఏడాదికి ఒక్క పనే పెట్టుకున్నాను. రాజమండ్రి రేవుల్లో ఒకే భావం మీద ఫొటోలు తియ్యాలి. ఆ భావం ఎదురుచూపు. గోదావరి గట్టున ఎటు తిప్పినా కెమెరాకి అందం దొరుకుతుంది: పుష్కర ఘాట్ హారతి, ఆర్చి వంతెన, పొద్దున్నే నీళ్ల మీద పడే ఎండ. అందమైన చోటు తీస్తే చోటు అందం కనపడుతుంది. తీసినవాళ్ల మనసు కూడా కనపడాలంటే, అక్కడ నిలబడ్డప్పుడు తమకేం అనిపిస్తోందో ముందు తేల్చుకోవాలి. అందుకని బ్యాగులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. కెమెరా బయటికి తియ్యకముందే అందులో ఒక్క వాక్యం రాస్తాను. "ఇవాళ నీళ్లు కదలట్లేదు, కబురు రాని ఇంటిలా ఉంది" లాంటిది. ఏ సెట్టింగైనా ఆ వాక్యం చూసుకున్నాకే.

పరికరాలు పెద్దగా లేవు. ఏపీఎస్-సీ (కాస్త చిన్న సైజు) సెన్సర్ ఉన్న పాత మిర్రర్‌లెస్ కెమెరా, 35 ఎంఎం ప్రైమ్ లెన్స్ (జూమ్ కానిది), ఒక ట్రైపాడ్, వెలుగు తగ్గించే ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (ఒక స్టాపు తగ్గడమంటే వెలుగు సగం కావడం). జూమ్ లెన్స్ ఇంట్లోనే వదిలేస్తున్నాను. దగ్గరికి వెళ్లాలా, దూరంగా ఉండాలా అన్నది కాళ్లతో తేల్చుకుంటే, ఎంత దూరంలో ఆగానన్నది కూడా ఫొటోలో ఒక మాటవుతుంది.

కార్తీకంలో తెల్లవారకముందే ఆడవాళ్లు స్నానాలు చేసి అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. అందరూ దీపం వెలిగించే క్షణాన్ని తీస్తారు. నాకు కావాల్సింది ఆ తర్వాతది. దొప్ప నీళ్ల మీద పెట్టాక చేత్తో నీళ్లని మెల్లగా తోస్తారు. దీపం కదులుతుంది. చెయ్యి మాత్రం నీళ్లలో అలాగే ఉండిపోతుంది, అది ఎంత దూరం వెళ్తుందో తెలిసేదాకా. వేళ్ల మధ్య పసుపు, మణికట్టు దాకా తడిసిన గాజులు, వాటి మీద వెలుగు తగ్గుతూ పోవడం. ముఖాలు తియ్యకూడదని నియమం పెట్టుకున్నాను. చేతులు తీసేటప్పుడైనా అడిగే తీస్తున్నాను.

సెట్టింగులు: లెన్స్ రంధ్రం బాగా తెరిచి ఎఫ్/2, షట్టర్ సెకనులో 60వ వంతు, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200. స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోట మాత్రమే వెలుగు కొలవడం) పెట్టి, మంట మీద కాకుండా దాని పక్కనున్న అరచేతి మీద కొలుస్తున్నాను. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంటే కెమెరా తన లెక్క ప్రకారం పసుపు రంగు తగ్గించేస్తుంది. పగటి వెలుగు సెట్టింగులో పెడితే అంతా కాషాయం అయిపోతుంది. 3400 కెల్విన్ దగ్గర పెడితే దీపం దీపంలాగే ఉంటుంది, వెనకాల ఆకాశంలో తెల్లవారుజాము నీలం కూడా దక్కుతుంది. ఆ నీలం లేకపోతే అది పండగ ఫొటో. నీలం చేరితేనే ఒంటరితనం వస్తోంది.

మార్గశిరం

మంచు మొదలైంది. నేను కాచుకుని ఉన్న కాలం ఇదే.

మంచులో హేవలాక్ వంతెన ఒక్కో స్తంభం చొప్పున మాయమవుతుంది. మొదటి నాలుగు ముదురుగా, తర్వాతవి లేతగా, ఆపైన ఏమీ ఉండదు. కొవ్వూరు ఒడ్డు ఉందన్న నమ్మకమే మిగులుతుంది. ఆ వంతెన మీద 1900లో రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి. నాన్న ఉద్యోగం నది అవతల. సాయంత్రం పూట అన్నయ్యా నేనూ గోదావరి స్టేషన్‌కి వెళ్లి నిలబడేవాళ్లం. బండి కనపడకముందే వంతెన మీద చప్పుడు వినపడేది. ఆ చప్పుడుకీ బండి కనపడటానికీ మధ్య ఉన్న కాస్త సేపే నేను తియ్యాలనుకుంటున్నది. ఇప్పుడు మంచులో నిలబడితే పక్కనున్న ఆర్చి వంతెన మీద రైలు వెళ్తున్న చప్పుడు వినిపిస్తుంది, కళ్లకి మాత్రం ఖాళీ పాత వంతెనే కనిపిస్తుంది. ఇంతకన్నా సరిపోయే చోటు నాకు ఇంకెక్కడా దొరకదు.

ఇక అసలు విషయం ఎక్స్‌పోజర్, అంటే ఫొటో ఎంత వెలుగుగా రావాలన్నది. దీని మీదే ఎక్కువ సమయం పెట్టాను. కెమెరా మీటరు ఏది చూసినా మధ్యరకం బూడిదరంగుగా తేల్చాలని చూస్తుంది. తెల్లటి మంచుని అలా వదిలేస్తే మురికి బూడిదరంగులో వస్తుంది. అందుకే మంచులో ప్లస్ ఒకటి (మీటరు చెప్పినదానికి రెట్టింపు వెలుగు) పెట్టమని అందరూ చెబుతారు. సలహా సరైనదే, కానీ అది మంచుని తెల్లగా చూపించడానికి పనికొచ్చే సలహా. ఎదురుచూపుని చూపించడానికి ఎంత పెట్టాలో ఎవరూ చెప్పలేరు. ట్రైపాడ్ కదపకుండా ఒకే ఫ్రేముని సున్నా, ప్లస్ 0.3, 0.7, 1, 1.3 దగ్గర తీసి ఇంట్లో పక్కపక్కన పెట్టుకుని చూశాను.

సున్నా దగ్గర చెడ్డ కబురు వచ్చేసినట్టుంది. వంతెన బరువుగా, ఇక ఎవరూ రారన్నట్టు ఉంది. 1.3 దగ్గర అంతా తేలికైపోయింది, కలలా ఉంది. పెళ్లి ఆల్బమ్ మొదటి పేజీకి బాగా పనికొస్తుంది. ప్లస్ ఒకటి దగ్గర పొద్దున్న అన్నది తెలుస్తోంది, అంతే. నాకు కావాల్సింది 0.3కీ 0.7కీ మధ్య ఉంది. అక్కడ మంచు తెల్లబడాలా వద్దా అని తేల్చుకోనట్టు ఉంటుంది. నా కెమెరాలో ఆ మధ్య మెట్టు లేదు కాబట్టి 0.7 దగ్గర తీసి, రా ఫైలులో (కెమెరా సర్దని అసలు ఫైలు) కొద్దిగా కిందికి దించుతున్నాను. ఇది హిస్టోగ్రామ్ (వెలుగు నీడల గ్రాఫు) చూసి తేల్చే సంగతి కాదు. నోటుబుక్కులో వాక్యం పక్కన పెట్టుకుని చూస్తేనే తేలుతుంది.

ఫోకస్ సంగతి చిన్నదే అయినా చెప్పాలి. మంచులో కాంట్రాస్ట్ ఉండదు కాబట్టి ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుకుతూ ఉండిపోతుంది. మాన్యువల్‌లో పెట్టి దగ్గర్లో ఉన్న పడవ గెడ మీద ఫోకస్ చేసి, ఎఫ్/8 పెడుతున్నాను. వంతెన కాస్త మెత్తగా వచ్చినా ఫర్వాలేదు, మెత్తగానే రావాలి. లెన్స్ హుడ్ తప్పనిసరి, లేకపోతే పది నిమిషాల్లో గాజు మీద తేమ పడుతుంది. ఇంటికొచ్చాక కెమెరాని వెంటనే బ్యాగులోంచి తియ్యకూడదు. చల్లటి కెమెరాకి ఇంట్లో వెచ్చటి గాలి తగిలితే లోపల కూడా తేమ పట్టే ప్రమాదం ఉంది. అరగంట అలా వదిలేస్తాను.

పడవాయన ఒకాయన రోజూ చూస్తున్నాడు. ఇవాళ ఉండబట్టలేక అడిగాడు.

"ఏటమ్మగారూ, ఏం కనపడట్లేదు కదండీ, ఏం తీత్తన్నారు?"

"ఆ కనపడకపోవడాన్నేనండీ."

కాసేపు వంతెన వైపు చూశాడు. "ఆయ్, ఇలాటప్పుడు మాకూ అంతేనండి. అవతల్నించి పడవ వత్తందో లేదో తెలీదు. చెవొగ్గి కూకోడవేనండి."

నేను ఇన్నాళ్లుగా నోటుబుక్కులో రాస్తున్నదాన్ని ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. అడిగి, ఆయన వీపు తీశాను. పడవ అంచున కూర్చుని, మెడ ఒక పక్కకి వంచి, చప్పుడు కోసం వింటున్నట్టు ఉన్నాడు. ఇంతవరకూ తీసిన వాటిలో నాకు అన్నిటికన్నా దగ్గరైన ఫొటో అది.

పుష్యం

సంక్రాంతి సెలవుల్లో ఎన్‌డీ ఫిల్టర్‌తో పని. ఆరు స్టాపులంటే వెలుగు 64 రెట్లు తగ్గుతుంది. సెకనులో 60వ వంతు ఉండాల్సిన చోట దాదాపు ఒక సెకను వస్తుంది. చాలామంది ఇంకా ముందుకెళ్లి 30 సెకన్లు పెడతారు, గోదావరి పాలనురగలా అయిపోతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ అందులో కాలమే ఉండదు, కాలం లేని చోట ఎదురుచూపు ఎలా ఉంటుంది? సెకనులో నాలుగో వంతు నుంచి ఒక సెకను దాకా పెడితే రేవుకి కట్టిన పడవ మాత్రం ఊగినట్టు వస్తుంది, దాన్ని కట్టిన గుంజ స్థిరంగా ఉంటుంది. ఒకటి కదులుతూ ఒకటి ఆగి ఉండాలి. తడి మెట్ల మీద ట్రైపాడ్ జారకుండా మధ్య కొక్కేనికి బ్యాగు తగిలిస్తున్నాను. షట్టర్ రెండు సెకన్ల టైమర్ మీద.

మంచు పట్టని రోజుల్లో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్తున్నాను. ఈ ఊళ్లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని, మళ్లీ ఇక్కడికే వచ్చి బొమ్మలేసి, 1925లో ఇంకా ముప్ఫై నిండకుండానే పోయిన మనిషి. ఆయన రంగుల్ని ఎంత పొదుపుగా వాడారో చూడ్డానికే వెళ్తాను. బయటికొచ్చాక నా ఫొటోల్లో అక్కర్లేని రంగు ఎక్కడుందో తెలిసిపోతుంది. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా, ఎర్ర ఫ్లెక్సీ లాంటివి ఫ్రేములోకి రాకుండా ఒకడుగు పక్కకి జరగడం అలా అలవాటైంది. తర్వాత కంప్యూటర్లో రంగు చంపడం కంటే ఆ ఒక్క అడుగే మేలు.

మాఘం

ఎంపిక, ప్రింట్లు. తీసిన రోజున ఫొటోలు చూడకూడదన్నది ఇంకో నియమం. తీసినప్పటి చలి, టీ రుచి, పడవాయన మాట అన్నీ ఒంటి మీద ఉంటాయి, ప్రతి ఫొటో గొప్పగా కనిపిస్తుంది. కొన్ని వారాలాగితే ఫొటోలో ఉన్నదే మిగులుతుంది.

ఎడిటింగులో డీహేజ్ ముట్టుకోవట్లేదు. మంచు తీసెయ్యడానికి పుట్టిన స్లైడర్ అది. నలుపు పూర్తి నలుపు దాకా, తెలుపు పూర్తి తెలుపు దాకా సాగదియ్యమని చెప్పే అలవాటు ఒకటుంది. మంచులో ఆ రెండూ ఉండవు కాబట్టి ఇక్కడ అలా సాగదియ్యకూడదు. హిస్టోగ్రామ్ మధ్యలోనే గుట్టగా ఉంది, అలాగే ఉండనిచ్చాను.

అమెరికాలో ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1922 నుంచి మబ్బుల్ని తియ్యడం మొదలుపెట్టి, వాటికి తర్వాత 'ఈక్వివలెంట్స్' అని పేరు పెట్టాడు. మబ్బు తన మనసులో ఉన్నదానికి సమానమైనదని ఆయన ఉద్దేశం. నన్ను ఎక్కువగా పట్టుకున్నది వాటి సైజు. ఆకాశమంత విషయాన్ని చాలావరకు 4x5 అంగుళాల కాగితం మీదే ప్రింట్ చేశాడు. చిన్న ప్రింటుని చేతిలోకి తీసుకుని, మొహం దగ్గర పెట్టుకుని చూడాలి. నేనూ 4x6లోనే వేయించాను. ఫైలు 1800 x 1200 పిక్సెల్స్, ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతి, మ్యాట్ (మెరుపు లేని) పేపర్. ల్యాబులో ఇచ్చేటప్పుడు "ఆటో కరెక్షన్ వద్దు" అని కవరు మీద రాసి, నోటితో కూడా చెప్పాలి. లేకపోతే యంత్రం కాంట్రాస్ట్ పెంచేసి మంచంతా కడిగేస్తుంది. ముందు ఒక్క టెస్ట్ ప్రింట్ వేయించి, దాన్ని పగటి వెలుగులో చూసి, మిగతావి ఇచ్చాను. మ్యాట్ మీద నలుపు కాస్త పేలవంగా వస్తుంది, ఈ ఫొటోలకి అదే కావాలి.

కొవ్వూరులో అన్నయ్యకి ప్రింట్లు చూపించాను. ఏమిటో, ఎందుకో చెప్పలేదు. ఒక్కోటీ తిప్పుతూ వంతెన ఫొటో దగ్గర ఆగాడు. రైలు లేదు, మనిషి లేడు, లేతగా అయిపోతున్న స్తంభాలు తప్ప.

"ఇదేంటే, నాన్న బండి వచ్చే ముందులా ఉంది."

ఆ ప్రింటు అక్కడే వదిలేసి వచ్చాను.

జ్యేష్ఠం

మంచు ఫొటోలు గోడ మీద వరసగా అంటించి, వరస మారుస్తున్నాను. దీపం తోస్తున్న చెయ్యి మొదట పెడితే మిగతావన్నీ ఎవరో వెళ్లిపోయాక జరిగినట్టున్నాయి. చివర పెడితే ఎవరో వస్తారన్నట్టున్నాయి. ప్రస్తుతానికి మధ్యలో ఉంది, పడవాయన వీపు పక్కన. ఇంకా తేలలేదు.

ముందున్నది వరదకాలం. ఆషాఢంలో ఎర్రనీరు వచ్చాక రేవు వాళ్ల ఎదురుచూపు వేరే రకం, మట్టం ఎప్పుడు తగ్గుతుందా అని. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది వచ్చాక మెట్ల మీదకి దిగను, గట్టు మీద నుంచే తీస్తాను. అంటే 35 ఎంఎం చాలదు, ఇంట్లో ఉన్న జూమ్ బయటికి తియ్యాలి. ఎర్రనీటి మీద మెరుపు తగ్గడానికి పోలరైజర్, కెమెరాకి వానకవరు కొనాలి. 2027 పుష్కరాల నాటికి ఈ రేవుల రూపు ఎలా మారుతుందో చెప్పలేం, కాబట్టి ఇప్పుడున్న మెట్లూ గుంజలూ రాబోయే మంచుకాలంలో మళ్లీ తియ్యాలని నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను.