గరిక వేసిన ఆమండ్ మిల్క్

"మరి ఆ రోజు మన తాతలు ఎక్కడున్నారమ్మా?" అని అడిగింది మా పాప. ఇప్పటికీ జవాబు చెప్పలేదు నేను.

2024 ఏప్రిల్ 8, డాలస్‌లో మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి సంపూర్ణ సూర్యగ్రహణం, అదీ తెల్లారితే ఉగాది అనగా. గుంటూరు నుంచి అమ్మ ఒకటే ఫోన్లు. "మాకు కనపడదు కాబట్టి మాకు పట్టింపు లేదు, మీకుంది. పచ్చళ్ల మీద దర్భ వెయ్యి." ఇక్కడ దర్భ ఎక్కడ తేనమ్మా అంటే, "పోనీ గరికైనా వెయ్యవే" అంది. గరికకేం కొదవ, మా లాన్ నిండా అదే, ఇక్కడ బెర్ముడా గడ్డి అంటారు అంతే. పొద్దున్నే నైటీలో వంగి గరిక పీకుతుంటే పక్కింటాయన కలుపు తీస్తున్నాననుకుని మెచ్చుకున్నాడు. ఆవకాయ జాడీ మీద, పెరుగు గిన్నెలో, ఆఖరికి ఆమండ్ మిల్క్ డబ్బా మీద కూడా రెండు పరకలు పెట్టాను.

స్కూల్లో అందరినీ గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి చూపిస్తామన్నారు. నేను సెలవు పెట్టించాను. మనం కలిసి చూద్దామని పాపకి చెప్పానుగానీ, అసలు సంగతి నాకు భయం. ఆఫీసులో రోజంతా డేటాతో కుస్తీ పట్టే మనిషిని, చెప్పుకోడానికే సిగ్గుగా ఉంది.

కిటికీలోంచి చూద్దామా అని నసిగితే పాప చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. అప్పుడు మొదలుపెట్టాను ఉపన్యాసం: మనవాళ్లేం తక్కువ కాదు, సూర్యుణ్ని చంద్రుడు కప్పుతాడనీ, చంద్రుణ్ని భూమి నీడ కప్పుతుందనీ ఆర్యభటుడు 499లోనే రాశాడు, 1868 ఆగస్టు 18న జాన్సెన్ అనే ఫ్రెంచాయన గ్రహణం చూడ్డానికి ఏకంగా మన గుంటూరే వచ్చాడు, వెలుగుని రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపుతో సూర్యుడి అంచున జ్వాలల్ని పరిశీలించాడు, హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. నువ్వు బర్త్‌డేకి ఎగరేసే బెలూన్లు కూడా...

సరిగ్గా అక్కడ అడిగింది ఆ ప్రశ్న. తలుపులేసుకుని లోపలే ఉండుంటారు, ఇంకెక్కడుంటారు, ఆవకాయలో దర్భ వేసుకుని.

ఇక నోరు మూసుకుని బయటికెళ్లాను. చెట్టు కింద వాకిలి నిండా నెలవంకలు, ఆకుల సందుల్లోంచి పడిన ఎండ అది. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయి చీకటి పడ్డాక గ్రహణం కళ్లజోడు తీసి చూస్తే నల్లటి గుండ్రం చుట్టూ తెల్లటి వెలుగు. దాదాపు నాలుగు నిమిషాలు. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పాప గంతులేస్తోంది. ఎవరికి దండం పెట్టానో అడగలేదు, నా అదృష్టం.

తర్వాత తలస్నానం చెయ్యమంటే మాత్రం పాప ససేమిరా అంది. నేను చేశాను. ఆర్యభటుడి తర్వాతి కాలపు గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడి గురించి చదివినప్పట్నుంచి ఆయనంటే నాకో అభిమానం: గ్రహణాన్ని నీడల లెక్కతోనే కట్టి, రాహువు లేడన్నవాళ్లని మళ్లీ తిట్టిపోశాడట. ఆయనకీ ఇంట్లో మా అమ్మలాంటి అమ్మ ఉండి ఉంటుంది. పిల్లలకి ఒకటే మాట చెప్పండి, అటూ ఇటూ ఊగకండి అని ఫ్రెండ్స్‌కి సలహాలిచ్చేదాన్ని. ఇప్పుడు మానేశాను.

సాయంత్రం అమ్మ ఫోన్, అక్కడ ఉగాది తెల్లవారుజాము. "గరిక వేశావా?" వేశానమ్మా. "బయటికి వెళ్లలేదు కదా?"

పాప హోంవర్క్ ఆపి నా మొహంలోకే చూస్తోంది.

"లేదమ్మా" అన్నాను.