ఎకనామిక్స్ పుస్తకాల జాబితా పట్టుకుని గ్రంథాలయానికి వెళ్తే: నా అనుభవం

ప్రొఫెసర్‌గారు రాసిచ్చిన జాబితాలో నాకు దొరికినవన్నీ నిన్న రాత్రితో అయిపోయాయి. చదివిన సంతోషం ఒకపక్క, ఆ పుస్తకాల కోసం పడ్డ మాటలు ఒకపక్క. మరిచిపోకముందే రాస్తున్నా.

తిరుపతిలో ఒక హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూస్తాను. పుట్టిల్లు బంగారుపాళ్యం వైపు, నాన్నకు తోతాపురి మామిడి తోట ఉంది. 2025లో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు ఎట్లా బారులు తీరాయో చిత్తూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. రైతుకు కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 ఇస్తాయన్నారు. ఆ 8 ఎందుకు, ఆ 4 ఎక్కడిది అంటే మా ఇంట్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. మా వీధిలో రిటైరైన ఎకనామిక్స్ ప్రొఫెసర్ ఒకాయన ఉన్నారు. అడిగితే జవాబు చెప్పలేదు, ఒక కాగితం రాసిచ్చారు. "ఇవి చదువు, ఇవి విను. తర్వాత నువ్వే వచ్చి నాకు చెప్పమ్మా" అన్నారు.

వినేవి సులువుగా అయిపోయాయి. అమిత్ వర్మ 2017లో మొదలుపెట్టిన 'ది సీన్ అండ్ ది అన్‌సీన్' పాడ్‌కాస్ట్ బస్సులో కొంత, వంట చేస్తూ కొంత విన్నాను. ఒక్కో ఎపిసోడ్ గంటల తరబడి సాగుతుంది. ఇంగ్లిష్ అందకపోతే స్పీడు తగ్గించుకోండి. ఆ పేరుకు మూలం ఫ్రాన్స్‌కు చెందిన ఆర్థికవేత్త బాస్టియా 1850లో రాసిన వ్యాసం. కిటికీ అద్దం పగిలితే అద్దం బిగించినవాడికి వచ్చిన డబ్బు అందరికీ కనిపిస్తుంది. అది పగలకపోతే ఇంటాయన అదే డబ్బుతో చెప్పులు కొనేవాడు, చెప్పులు కుట్టేవాడికి పోయిన ఆ బేరం ఎవరి కంటా పడదు. ఏ పథకం గురించి చదివినా ఇప్పుడు నాకు ముందు ఈ రెండో మనిషే గుర్తొస్తున్నాడు.

జాబితాలో ఉన్న ఆర్థిక సర్వే, అంటే దేశ ఆర్థిక పరిస్థితి మీద కేంద్రం ఏటా ఇచ్చే నివేదిక, కేంద్ర బడ్జెట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దానికి ఎవరి దయా అక్కర్లేదు.

పుస్తకాల దగ్గరే వచ్చింది అసలు కష్టం. అమర్త్య సేన్ 1981లో రాసిన 'పావర్టీ అండ్ ఫామిన్స్' కోసం మా జిల్లాలో ఒక గ్రంథాలయానికి వెళ్లాను. పేరు రాయను. కౌంటర్‌లో ఉన్నాయన కాగితం చూశాడు, నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గ్రూప్స్ రాస్తున్నావా?" లేదన్నాను. "పీహెచ్‌డీనా?" కాదన్నాను. "మరి నీకెందుకమ్మా ఇవన్నీ? వారపత్రికలు ఆ బల్ల మీద ఉన్నాయి చూడు." హాలు నిండా పరీక్షలకు చదివే పిల్లలు, అందరూ తలెత్తి చూశారు. నా మొహం మండిపోయింది. ఎకనామిక్స్ బీరువాకు తాళం. గాజు తలుపు లోపల ఆ పుస్తకం వెన్ను నాకు కనిపిస్తూనే ఉంది. తాళంచెవి ఇంకొకాయన దగ్గరట, ఆయన సెలవులో ఉన్నాడట. మళ్లీ వెళ్తే సభ్యత్వానికి గెజిటెడ్ ఆఫీసర్ సంతకం అన్నారు. అది తెస్తే, "రిఫరెన్స్ పుస్తకం, బయటికివ్వం" అన్నారు. ఇక్కడే కూర్చుని చదువుతానంటే మళ్లీ తాళంచెవి కథే.

ఇంటికొచ్చి ఇంటి పన్ను రసీదు తీశాను. అందులో గ్రంథాలయ పన్ను అని వేరే వరుస ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనందరి దగ్గరా వసూలు చేస్తున్నారు. రసీదు తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టి, "సార్, ఆ బీరువా నా డబ్బుతో కూడా కొన్నదే. గ్రూప్స్ రాసేవాళ్ల దగ్గర మాత్రమే పన్ను తీసుకోలేదు కదా" అన్నాను. గొంతు వణికింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. లోపల్నుంచి పెద్ద సారు వచ్చారు. తాళంచెవి ఆయన సొరుగులోనే ఉంది! ఆడమనిషి తనకు తానుగా ఒక సంగతి తెలుసుకోవాలనుకుంటే ఇన్ని సంజాయిషీలు చెప్పుకోవాలా?

ఆ పుస్తకం నేను పడ్డ శ్రమకు తగినదే. 1943 బెంగాల్ కరువు ఏడాదిలో బియ్యం లభ్యత 1941 కంటే ఎక్కువే ఉందని సేన్ లెక్కలు కట్టి చూపిస్తారు. బియ్యం ధరలు పెరిగిపోయి, కూలి ఆ మేరకు పెరగక, కొనే శక్తి లేని కూలీలు, జాలర్లు చచ్చిపోయారు. సరుకు ఉండటం వేరు, మనిషి చేతికి అందడం వేరు. చెట్టు నిండా కాయ ఉండి నాన్న చేతిలో డబ్బు లేకపోవడం కూడా నాకు ఈ పుస్తకంతోనే అర్థమైంది. గోదాములో పాత గుజ్జు అమ్ముడుపోకుండా ఉంటే ఫ్యాక్టరీ 8 ఇవ్వడానికి ఎందుకు వెనకాడుతుందో, ప్రభుత్వం ఇచ్చే 4 ఇంకెవరి పన్నులోంచి వస్తుందో నాన్నకు నేనే వివరించాను. ప్రొఫెసర్‌గారికీ అప్పజెప్పాను. ఆయన ఒక్క చోట కూడా దిద్దలేదు.

కోచింగ్ సెంటర్ల మీద కూడా ఒక మాట. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను, ఆ పంపకం ఎట్లా ఉండాలో సూచించే ఆర్థిక సంఘాల్లో 14వది 32 నుంచి 42 శాతానికి పెంచిందని అక్కడ పిల్లలు టకటకా చెప్తారు. ఎందుకు పెంచారంటే నోరు మెదపరు. ఆ సంఘానికి అధ్యక్షుడు మన కడప జిల్లా నుంచి వెళ్లిన వై.వి. రెడ్డిగారు. వాటా పెంచి, కేంద్రం షరతులతో ఇచ్చే సాయం తగ్గితే ఖర్చు నిర్ణయం రాష్ట్రం చేతికి వస్తుంది. ఈ ముక్క చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. అంతంత ఫీజులు తీసుకుని అది కూడా చెప్పరేం?

జాబితాలో ఉన్న మరో పుస్తకం, ఆర్థికవేత్తలు విజయ్ కేల్కర్, అజయ్ షా 2019లో రాసిన 'ఇన్ సర్వీస్ ఆఫ్ ది రిపబ్లిక్' మాత్రం గ్రంథాలయంలో లేదు. సూచనల రిజిస్టర్ అడిగి తీసుకుని, తెప్పించమని రాసి తేదీ వేసి సంతకం పెట్టాను. మీరూ వెళ్లేటప్పుడు ఇంటి పన్ను రసీదు జిరాక్స్ ఒకటి దగ్గర పెట్టుకోండి. బీరువాకు తాళం ఉందంటే ఎవరి దగ్గరుందో పేరు అడగండి, అక్కడే నిలబడండి.